ఒకే గుడ్డ కింద మూడు బల్లలు

ఇరవై రెండేళ్లుగా నన్నొక అనుమానం వదలడం లేదు. ప్రభువు రొట్టె విరిచి పంచిన సాయంత్రం, బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు లేచి, "పక్కవాడి పద్ధతి నాకు సరిపడదు, నా ముక్క వేరే రొట్టెలోంచి ఇప్పించండి" అని అడిగి ఉంటే ఆయన ఏం చేసేవాడు? మందలించేవాడా, లేక వంటింటి వైపు చూసి ఇంకో రొట్టె తెమ్మనేవాడా? మా సంఘపెద్దను ఒకసారి అడిగాను. "చదువుకున్నవాళ్లకే రాని సందేహాలమ్మా నీవి" అని నవ్వేశారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. రొట్టె చేయడం మాత్రం వచ్చు.

కాలేజీ వంటశాలలో రొట్టెల పని నాది. ఆ కాలేజీ పెట్టింది మా విశ్వాసపు పాతతరం వాళ్లు. క్రైస్తవులు ఇన్ని శాఖలుగా చీలి కొట్టుకోవడం చూడలేక, శాఖల పేర్లన్నీ వదిలేసి, బోర్డులు పీకేసి, క్రీస్తు పేరు చాలు, అందరికీ ఒకటే బల్ల అన్నారట. ఇప్పుడు వాళ్ల వారసులం మూడు సంఘాలయ్యాం. ఆరాధనలో పియానో వాయించేవాళ్లు ఒకరు, వాయించకూడదనే మేము ఒకరు, ద్రాక్షరసం అందరూ ఒకే గిన్నెలో తాగాలని మాలోంచి విడిపోయినవాళ్లు ఇంకొకరు. ఒకరి బల్ల దగ్గర ఇంకొకరు చెయ్యి చాపరు.

నా చెల్లెలిది పియానో సంఘం. ఇరవై రెండేళ్ల కిందట చీలిక వచ్చిన రోజు వాళ్లాయన అటు నడిచాడు, మావారు ఇటు నడిచారు. మేమిద్దరం ఎవరి వెనక వాళ్లం వెళ్లిపోయాం. వాళ్ల ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. బజారులో ఎదురుపడితే కూరగాయల ధరలు మాట్లాడుకుంటాం.

ఈ ఏడు కాలేజీకి నూరేళ్లు. వారసత్వ దినం అని పెట్టి మూడు సంఘాలనూ పిలిచారు. పాత ఫొటోల ప్రదర్శన, ఉపన్యాసం, చివర్లో అందరూ కలిసి రొట్టె విరవడం. "ఒకటే రొట్టెమ్మా, రెండు వందల మందికి సరిపోవాలి" అన్నారు ప్రిన్సిపాలు గారు. చెల్లెలు కూడా వస్తానని కబురు పంపింది. అది విని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఒకే రొట్టెలోంచి నాకో ముక్క, దానికో ముక్క. పోయేలోగా ఒక్కసారి. దేవుణ్ణి అంతకుమించి అడగలేదు.

ఆ పొద్దున పెద్ద రేకు నిండా పరిచి రొట్టె కాల్చాను. ఎక్కడా పగల్లేదు. పక్కన పెట్టి ఆరనిస్తుండగా ప్రిన్సిపాలు గారు వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది.

"అమ్మా, ఇంకో మూడు చిన్నవి చేయగలవా? మూడూ ఒకేలా ఉండాలి."

"ఇది ఉందిగా సార్?"

"ఇది ముందు పెడతాం. ఫొటోకి."

మా స్టోరు కీపరు ఏ సంఘమూ కానివాడు. పుస్తకం తెరిచి, "ఐక్యతకే మూడు కావాలా సార్? పోట్లాడుకుని ఉంటే ఎన్ని బస్తాలు పట్టేవో!" అన్నాడు.

ప్రిన్సిపాలు గారు నవ్వలేదు. పిండి బస్తా మీదే కూలబడ్డారు. "నిన్న పెద్దలంతా కూర్చున్నారు. ఎవరి పెద్ద ప్రార్థించిన రొట్టె వాళ్లే తింటారట. కాదంటే ఎవరూ రారట. మూడు నెలలు ఇంటింటికీ తిరిగానమ్మా."

"నేను చేయనంటే?"

"అప్పుడు అసలు బల్లే ఉండదు."

చేశాను. ఈ చేతులతోనే ఒక ముద్దను మూడు చేశాను.

హాలులో మూడు బల్లలు దగ్గరికి జరిపి పైన ఒకే పొడవాటి తెల్లగుడ్డ పరిచారు. దూరానికి ఒకటే బల్ల. చరిత్ర లెక్చరరు పాతతరం గురించి ఎంతో బాగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ తర్వాత ముగ్గురు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి మూడు ప్రార్థనలు చేశారు. చెల్లెలు వాళ్ల బల్ల చివర కూర్చుంది, నేను మా బల్ల చివర. మోచేతుల మధ్య జానెడు దూరం. ఆ జానెడు మేర గుడ్డ కిందికి కుంగి ఉంది. నా ముక్క నోట్లో పెట్టుకుని చెల్లెలి వైపు చూశాను. అది తల ఎత్తలేదు.

మధ్యాహ్నానికి పెద్ద రొట్టె చెక్కు చెదరకుండా వంటశాలకు తిరిగొచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక చూస్తుంటే గుమ్మంలో చెల్లెలు.

"రావే, పిచ్చుకా," అన్నాను. చిన్నప్పుడు నాన్న పిలిచే పేరు.

"ఇంత లావెక్కావేంటక్కా!"

"నువ్వు తినాల్సినవి కూడా నేనే తింటున్నాగా."

ఇద్దరం నవ్వాం. ఆ ధైర్యంతో రొట్టె ముందుకు జరిపాను. "ఒక్క ముక్క తిను. దీని మీద ఎవరూ ప్రార్థన చేయలేదు. ఉత్త రొట్టే."

"ఉత్త రొట్టె అని నువ్వూ అనుకోవట్లేదుగా." వేలితో అంచు తాకి చెయ్యి తీసేసింది. "ఇంటికెళ్తే అడుగుతారక్కా. తిన్నానని చెప్పలేను. తినలేదని అబద్ధమూ ఆడలేను."

"మరి ఎందుకొచ్చావే?"

సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసింది. "మనం విడిపోయిన ఆదివారం పొద్దున మీ ఇంట్లో గ్లాసుడు పిండి అడిగి తీసుకెళ్లాను. ఆ వారం రొట్టె వంతు నాది. గుర్తుందా?"

గుర్తులేకేం. అందరం కలిసి తిన్న ఆఖరి రొట్టె అదే. ఆ పిండి నేనెప్పుడూ అడగలేదు. ఆ బాకీ ఉన్నన్నాళ్లూ, ఎప్పుడో ఒకప్పుడు మా గుమ్మం ఎక్కడానికి చెల్లెలికో పని ఉందని అనుకునేదాన్ని.

"ఎవరికీ ఏమీ బాకీ లేకుండా బల్ల దగ్గరికి రమ్మన్నారు మా పెద్దలు. నాకున్నది ఇదొక్కటే. పొద్దున్నే ఇద్దామంటే ఇక్కడంతా మీవాళ్లున్నారు."

"ఇవాళ దీనికోసమే వచ్చావా?"

"దీనికోసమే."

గ్లాసు అందించాను. మూట విప్పి కొలిచింది. పైన గోపురంలా నిలిచింది పిండి.

"తల కొట్టవే, ఎక్కువైంది."

"నువ్వు ఇలాగే ఇచ్చావు," అంది.

డబ్బా మూత తీసి పిండి అందులో పోశాను. గుడ్డ దులిపి, మడిచి, దాని చేతికిచ్చాను.