కనుమ మూసుకునేలోగా

కట్టెల మోపు దించి గోడకు చేరగిలబడ్డాను. ఇంకొక్కటి తెస్తే చాలంది అత్త ఫాద్మా. ఆ చాలు అన్న మాట పొద్దుటి నుంచీ వింటూనే ఉన్నాను. సాయంత్రానికి చలిగాలి దిగుతుందని, చీకటి పడ్డాక మంచు కురుస్తుందని రేడియోలో చెప్పారు. మంచు పడితే మా కొండ ఊరి కనుమ దారి మూసుకుపోతుంది. మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో దేవుడికే తెలియాలి. అందుకే బార్లీ విసిరి పిండి నింపాను, గడ్డి అటక మీదికి ఎక్కించాను, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కాను. ఈ ఇంట్లో ఎవరూ సిద్ధం చెయ్యనిది నన్నే. నాకు నెలలు నిండాయి. కింద పట్నంలో ఆసుపత్రి పక్కనే నెలలు నిండినవాళ్ళు ఉండడానికి ఒక ఇల్లుంది, మంచుకు ముందే వచ్చెయ్యమని నర్సు మరీ మరీ చెప్పింది. క్రితంసారి కనుమ మూసుకున్నాకే నాకు నొప్పులొచ్చాయి. ఆ బిడ్డను మంచు తవ్వి పాతిపెట్టారు.

పట్నం మాట ఎత్తితే అత్త, "ఏడుగురిని ఈ పొయ్యి పక్కనే కన్నానే. నాకోసం ఏ లారీ వచ్చింది?" అంది. ఆ ఏడుగురిలో మిగిలింది నా భర్త హమ్మూ, ఆయన చెల్లెలు. హమ్మూ అయితే నవ్వాడు. "నువ్వు పోతే రొట్టె ఎవరు కాలుస్తారే, మంచు కాలుస్తుందా?"

మధ్యాహ్నం డ్రైవరు మోహా లారీ తీసుకొచ్చాడు. కనుమ దాటే ఆఖరి బండి అదే. చూడి గొర్రెల్ని పట్నంలో ఉన్న హమ్మూ మేనమామ దొడ్డికి పంపుతున్నారు, అక్కడైతే వెచ్చగా ఈనుతాయని. హమ్మూ కింద ఎండుగడ్డి పరిచి, ఒక్కోదాన్నీ ఎత్తి ఎక్కించి, మేం కప్పుకునే దుప్పటి తెచ్చి కప్పాడు. "మలుపుల్లో మెల్లగా పోనీ అన్నా, చూడివి" అన్నాడు. అంత మెత్తటి గొంతు ఆయనకుందని నాకు అప్పుడే తెలిసింది.

ఏడుపు రాలేదు. ఎలా అడగాలో మాత్రం తెలిసింది.

"దారిలో ఏదన్నా ఈనితే మోహా ఏం చెయ్యగలడు? నువ్వెళ్తే ఇంటి కప్పు మీద మంచు తోసేదెవరు? వీటితో నేనెళ్తా" అన్నాను.

అత్త ఏదో అనబోయింది. హమ్మూ గొర్రెల వంక చూశాడు.

"అదీ నిజమేనమ్మా. రొట్టె సంగతి నువ్వు చూడు."

మోహా ఒక గోనె మడిచి, నేను కూర్చోడానికి గొర్రెల మధ్య వేశాడు. లారీ కదలబోతుంటే హమ్మూ దగ్గరికొచ్చాడు.

"జాగ్రత్త" అన్నాడు, నా పక్కనున్న గొర్రె వీపు నిమురుతూ.