రెండో బిస్కెట్టు

శనివారం పొద్దున్న పదింటికి మా ఊరి సమావేశ మందిరం తలుపులు తీస్తారు. లోపల మూడు బల్లలుంటాయి. మొదటి బల్ల దగ్గర హార్మ్ అనే పెద్దాయన కెటిళ్ళూ టోస్టర్లూ విప్పి బాగుచేస్తాడు. రెండో దాని మీద కుట్టుమిషను. కిటికీ పక్కనున్న మూడోది ఆల్కెది. దాని మీద ఒక మగ్గు చన్నీళ్ళు తప్ప పనిముట్లేవీ ఉండవు. టంకం వేసిన ముక్కని ఊడదీయాలంటే ఆల్కె బొటనవేలూ చూపుడువేలూ దాని మీద ఆనించి నాలుగంకెలు లెక్కపెడుతుంది. టంకం కరిగిపోతుంది. పని కాగానే వేళ్ళు మగ్గులో ముంచితే చుయ్యిమంటుంది. వాళ్ళ తాత వేళ్ళకీ ఆ వేడి ఉండేది. ఆయన ఊరందరి పాలక్యాన్లకీ చిల్లులు మూసేవాడు.

కాఫీ పెత్తనం హిల్యె పిన్నిది. కప్పుతో పాటు ఒక బిస్కెట్టు ఇచ్చి, చెయ్యి వెనక్కి తీసేలోగానే రేకుడబ్బాకి మూత పెట్టేస్తుంది. మా వైపు ఎవరింట్లోనైనా అంతే, ఒకటే. ఆవిడ ఆ మూత రెండోసారి తీయడం ఊరు రెండుసార్లే చూసింది. రెండుసార్లూ ఆ రెండో బిస్కెట్టు అందుకున్నవాళ్ళింట్లో ఎవరో పోయారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గోరంతను కొండంత చేసేవాళ్ళు లోకంలో ఎక్కడైనా ఉంటారు. దేశానికి ఉత్తరపు కొసనున్న మా గ్రోనింగెన్ తీరంవాళ్ళు కొండంతను గోరంత చేస్తారు. పెళ్ళికూతురు చందమామలా ఉంటే "ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండొచ్చు" అంటారు. అంతకు మించిన పొగడ్త మాకు లేదు. ఇల్లు కాలిపోతుంటే "కాస్త వెచ్చగా ఉంది" అంటారు.

ఈమధ్య ఆల్కె బల్ల మీదకి వచ్చేవన్నీ ల్యాప్‌టాప్‌లే. అన్నీ ఒకే కంపెనీవి. పేరెందుకులెండి, మేం దాన్ని నాజూకు కంపెనీ అంటాం. ఏటేటా వస్తువు చిక్కుతుంది, ధర ఒళ్ళు చేస్తుంది. ఒక ఏడాది మెమరీ కార్డు పెట్టుకునే చీలిక తీసేశారు. మరుసటి ఏడాది మరలు తీసేసి జిగురు పోశారు. లోపల దాచుకునే చోటు రెట్టింపు కావాలంటే రెండువందల ముప్ఫై యూరోలు అదనంగా కట్టాలి. చూస్తే ఆ ముక్క గోరంత ఉంటుంది. అదీ కొనే రోజే చెప్పాలి. తర్వాత కాళ్ళావేళ్ళా పడ్డా వెయ్యరు, అంతా బోర్డుకి అతికించేసి ఉంటుంది.

"మా నాన్న ఆవుని కొంటే పలుపుతాడు ఊరికే వచ్చేది," అన్నాడు హార్మ్ ఆ శనివారం, ఒకదాని అడుగు తిప్పి చూస్తూ. "వీళ్ళు తోకకి వేరే ధర పెట్టారు."

"తోకకైతే పోనీలే బాబాయ్, పొదుగుకి పెట్టారు," అంది ఆల్కె.

"మరెందుకు కొంటారే?" అంది హిల్యె పిన్ని. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"అడుసు తొక్కడమే నా బతుకు కదా పిన్నీ," అంటూ సిక్కో లోపలికొచ్చాడు.

సిక్కో ఆల్కె తమ్ముడు. ఇరవయ్యెనిమిదేళ్ళు, ఆరడుగుల మనిషి. పోటు వెనక్కి తగ్గినప్పుడు కరకట్ట అవతల బయటపడే బురద మీదుగా జనాన్ని ఎదురుగా ఉన్న దీవికి నడిపించుకుపోవడం అతని పని. సముద్రం మళ్ళీ వచ్చేలోగా చేరాలి. మధ్యలో లోతైన నీటి పాయలుంటాయి, అవి ఒకచోట పడుండవు. మార్చి తుఫానుకి తూర్పు పాయ ఎటో జరిగింది. వేసవంతా సిక్కో దాన్ని దాటే చోట్లు కొలిచాడు. చేతిలో పట్టుకునే దారి చూపే పరికరంలో వారానికి సరిపడా చోటే ఉండేది, అందుకని వారం వారం కొలతలన్నీ ల్యాప్‌టాప్‌లోకి దింపి దాన్ని ఖాళీ చేసేవాడు.

ఆ ల్యాప్‌టాప్‌నే ఇప్పుడు చంకలోంచి తీసి అక్క ముందు పెట్టాడు. "నిన్నట్నుంచీ లేవట్లేదు."

"కంపెనీ కొట్టుకి తీసుకెళ్ళావా?"

"నిన్ననే పట్నం వెళ్ళాను. బోర్డంతా మార్చాలట. ఏడువందల నలభై. లోపలున్నవి మాత్రం రావట. నెలనెలా డబ్బు కట్టి వాళ్ళ గోదాములో దాచుకోవాల్సిందని నాకే నీతులు చెప్పాడు."

"ఇంకెక్కడా దించుకోలేదూ?" అన్నాడు హార్మ్.

"కార్డు చీలిక లేదుగా బాబాయ్. కార్డు తగిలించే జానెడు తీగ డెబ్భైతొమ్మిది యూరోలన్నారు. నాకు మండుకొచ్చింది. చచ్చినా కొననన్నాను."

మందిరంలో అందరూ తలలూపారు. వాళ్ళలో ఏ ఒక్కరూ కొని ఉండేవాళ్ళు కాదు.

ఆల్కె తల ఊపలేదు. ఆమె పిరికిది. దాచుకునేది కూడా కాదు, తనే చెబుతుంది. దీపం చుట్టూ తిరిగే పురుగులంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం, అన్నిటికన్నా తమ్ముడి పనంటే భయం. భయమేస్తే వేళ్ళు మరీ కాలతాయి. అప్పుడు టంకంతో పాటు చిప్పు కూడా పోతుంది. అందుకే పని చేసేటప్పుడు కట్ట మీద మేసే గొర్రెల్ని తలుచుకుంటుంది. గొర్రెలు ఆమెనెప్పుడూ భయపెట్టలేదు.

హార్మ్ జిగురు గీకి మూత తెరిచాడు. కొలతలున్న చిప్పు బోర్డు మధ్యలో ఉంది, దాని చుట్టూ నల్లటి తారులాంటిది పోసి ఉంది. దాన్ని జాగ్రత్తగా లేపి, హార్మ్ దగ్గరున్న మంచి బోర్డు మీద కూర్చోబెడితే చాలు, వేసవంతా వెనక్కొస్తుంది.

"తొందరేం లేదక్కా," అన్నాడు సిక్కో. "వచ్చే శనివారం దాకా ఎవర్నీ తీసుకెళ్ళక్కర్లేదు. పద్నాలుగు మంది, అందులో నలుగురు పిల్లలు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆల్కె వేళ్ళు ఆనించి గొర్రెల్ని తలుచుకుంది. ఒకటి. గొర్రెలు కట్ట దిగి బురదలోకి నడిచాయి. రెండు. వాటి వెనకే నలుగురు పిల్లలు. మూడు అనేలోపు వేలికొసలు ఎర్రబడ్డాయి. చిటుక్కుమంది. సన్నటి పొగ లేచింది. చిప్పు మధ్యకి పగిలింది.

ఆల్కె చేతులు మగ్గులో పెట్టింది, నీళ్ళు మరిగాయి.

"నా వల్లే పోయిందిరా," అంది.

"ఫర్వాలేదులే," అన్నాడు సిక్కో. "పోయినేడాది దారి గుర్తుంది నాకు."

పోయినేడాది ఉన్నచోట ఇప్పుడు తూర్పు పాయ లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. హిల్యె పిన్ని కాఫీ తెచ్చి సిక్కో ముందు పెట్టింది. బిస్కెట్టు ఇచ్చింది. మూత పెట్టింది. కాసేపు అక్కడే నిలబడి అతని వంక చూసింది. మళ్ళీ మూత తీసి రెండోది ఇచ్చింది.

సిక్కో నవ్వుతూ తినేశాడు. ఆ రోజంతా ఆల్కెకి ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడింటికి వెళ్తే తలుపు తాళం వేసి ఉంది. బయట మేకుకి వేలాడాల్సిన, పాయల లోతు చూసే పొడుగాటి కర్ర లేదు. పాయని మళ్ళీ కొలవడానికి వెళ్ళాడన్నమాట, ఒక్కడే. బురదలోకి ఒంటరిగా వెళ్ళకూడదన్నది వాళ్ళ పనిలో మొదటి నియమం. కానీ ఆదివారం పూట ఎవరి తలుపో తట్టి సాయం అడగడం మావాళ్ళకి చావుతో సమానం.

ఆల్కె కట్టెక్కింది. దీవి కనిపించలేదు. దీవికీ కట్టకీ మధ్య ఉండాల్సిన బురద కూడా కనిపించలేదు. పొగమంచు కట్ట అంచుదాకా వచ్చేసింది. పోటు మొదలై అప్పటికి ముప్పావుగంట.

జేబులో ఫోను మోగింది.

"అక్కా," అన్నాడు సిక్కో. గొంతు మామూలుగానే ఉంది. "బిజీగా ఉన్నావా?"

"ఎక్కడున్నావురా?"

"తూర్పు పాయ దగ్గరే. ఇవతలో అవతలో తెలియట్లేదు. ఇక్కడ కొంచెం తడిగా ఉంది."

లైను తెగిపోయింది.

ఆల్కె తీర రక్షక దళానికి ఫోను చేసింది. ఎత్తిన కుర్రది మా దేశపు దక్షిణ కొసది, మా తీరంవాళ్ళ లెక్క తెలియదని మాట తీరులోనే తెలుస్తోంది.

"ఆయన ప్రమాదంలో ఉన్నానని చెప్పారా అండీ?"

"కొంచెం తడిగా ఉందన్నాడు."

"కొంచెమే కదండీ," అంది ఆ పిల్ల ఎంతో ఓదార్పుగా. "కంగారు పడకండి. ముందు ఇంకోసారి ఫోను చేసి నడుం దాకానా, మోకాళ్ళ దాకానా కనుక్కుంటారా?"

ఆమెకి నచ్చజెప్పే ఓపిక ఆల్కెకి లేదు. "పడవ పంపించు తల్లీ" అని మాత్రం అని, కట్ట దిగి పరుగెత్తింది. హార్మ్ తన వాకిట్లో కాఫీ తాగుతున్నాడు.

"కొంచెం తడిగా ఉందన్నాడు బాబాయ్."

హార్మ్ కప్పు కింద పెట్టాడు. సగం కాఫీ అందులోనే ఉంది. అరవయ్యారేళ్ళలో ఆయన కాఫీ వదిలేసి లేవడం అదే మొదలు. తన రొయ్యల పడవ తాళం తీసుకున్నాడు.

రొయ్యల పడవ రేవు దాటగానే వెనక కట్ట మాయమైపోయింది. ముందూ వెనకా తెల్లగా ఒకటే తీరు. హార్మ్ ఇంజను ఆపి ఆపి నడిపాడు. ఆపినప్పుడల్లా ఆల్కె తమ్ముణ్ణి పిలిచింది. జవాబు రాలేదు. ఆమె పట్టుకున్న ఇనుప కమ్మీ రంగుకి బుడగలొచ్చాయి. చేతులు వదిలేసి ముందుకి చాచింది. చాచిన మేర పొగమంచు రెండు బారలు వెనక్కి తగ్గింది.

"అలాగే ఉంచు," అన్నాడు హార్మ్.

అలా రెండేసి బారలే చూసుకుంటూ వెళ్ళారు. ఎంతసేపో ఆల్కెకి తెలియదు. తమ్ముడి పేరు తప్ప వేరే మాట ఆమెకి గుర్తు లేదు. చివరికి నీళ్ళ మీద ఒక కర్ర కొస, దానికి ఎర్ర గుడ్డ కనిపించాయి. కర్రని కావిలించుకుని సిక్కో, భుజాల దాకా నీళ్ళలో ఉన్నాడు.

ఇద్దరూ కలిసి లాగి పడవలో వేశారు. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవర్నీ చూడట్లేదు. హార్మ్ అతని మెడ మీద చెయ్యి పెట్టాడు.

"వణికే ఓపిక కూడా పోయింది," అన్నాడు. "కొంచెం చల్లబడ్డాడు."

కొంచెం అన్న మాట వినగానే ఆల్కెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"రేవుకి అరగంట పైనే," అన్నాడు హార్మ్. "అంతసేపు ఆగడు. చేతులు వెయ్యి."

ఆల్కె చేతులు వీపు వెనక దాచుకుంది. "వెయ్యను బాబాయ్. నిన్న చిప్పుని చూశావుగా. ఇప్పుడు నాకు అంతకి పదింతలు భయంగా ఉంది. కాల్చేస్తాను వీణ్ణి."

"చిప్పు గోరంత ఉంది, కాలిపోయింది," అన్నాడు హార్మ్. "వీడు ఆరడుగులున్నాడు, ఒంటి మీద తడిసిన ఉన్ని ఉంది. భయపడు ఆల్కె. నీకెంత చేతనైతే అంత భయపడు."

పుట్టినప్పట్నుంచీ ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు. భయపడకు అన్నవాళ్ళే అందరూ. ఆమె తమ్ముడి వీపు మీద రెండు చేతులూ ఆనించింది. గొర్రెల్ని తలుచుకోలేదు. రెండో బిస్కెట్టుని తలుచుకుంది. వాకిట్లో కర్ర లేని మేకుని తలుచుకుంది. ఈ ఆరడుగులనీ పెట్టెలో పెట్టి మోసుకెళ్ళడం, ఆ తర్వాత శనివారం తను ఒక్కతే బల్ల దగ్గర కూర్చోవడం, అన్నీ వదలకుండా తలుచుకుంది. ముప్ఫయ్యారేళ్ళ భయం చేతుల్లోకి దిగింది. ఉన్ని కోటులోంచి ఆవిరి లేచింది. పడవ అడుగున నిలిచిన నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. హార్మ్ ఇంజను పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు, ఆయన చెంపలు తడిగా ఉన్నాయి.

రేవు గంట వినిపించే వేళకి సిక్కో వణకడం మొదలుపెట్టాడు. పళ్ళు టకటకమన్నాయి. ఆల్కె ఏడుస్తూనే చేతులు తీయలేదు.

"ఎలా ఉందిరా?" అంది.

అతను చాలాసేపు మాట కూడదీసుకున్నాడు. "ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండొచ్చు," అన్నాడు.

రేవులో రక్షక దళం పడవ అప్పుడే ముడి విప్పుకుంటోంది.

రెండు వారాలు సిక్కో మంచం దిగలేదు. ఎవర్నీ నడిపించలేదు. ఆ పద్నాలుగు మందీ వచ్చే వేసవికి వస్తామన్నారు. నాజూకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, మా సేవకి అయిదు నక్షత్రాల్లో ఎన్నిస్తారని. కిందనే కొత్త మోడలు బొమ్మ, ఇంకా పల్చగా, ఈసారి ఒకే ఒక్క కన్నంతో. సిక్కో దాని వెనక పెన్సిలుతో తూర్పు పాయ గీసుకున్నాడు. నీళ్ళలో నిలబడి ఉన్నంతసేపూ ఆ పాయ ఎటుందో అతనికి బాగా అర్థమైందట.

మూడో శనివారం సమావేశ మందిరానికి వచ్చాడు. కుర్చీలో వెనక్కి ఆనకుండా కూర్చున్నాడు, వీపు మీద పది వేళ్ళ గుర్తులు ఇంకా మానలేదు. ఆల్కె బల్ల మీద ఎవరిదో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. వేళ్ళ చుట్టూ గాలి అదురుతోంది. హిల్యె పిన్ని కాఫీ తెస్తుంటే ఆవిడ చేతిలోని డబ్బా వంకే చూస్తోంది ఆల్కె.

హిల్యె పిన్ని సిక్కో ముందు కప్పు పెట్టింది. మూత తీసి ఒక బిస్కెట్టు ఇచ్చింది. సిక్కో కావాలనే చెయ్యి చాపి అలాగే ఉంచాడు.

"ఏంట్రా?" అంది పిన్ని.

"ఇంకోటి."

"నీకేం రోగం?" అని ఆవిడ డబ్బాకి గట్టిగా మూత బిగించి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆల్కె ఊపిరి వదిలింది. చేతులు మగ్గులో ముంచింది. నీళ్ళు చప్పుడు చెయ్యలేదు.