దగ్గు వినిపించేంత దూరం

లోసేలి కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, ఆసుపత్రి మంచం మీదున్న తమ్ముడికి వీపు పెట్టి కూర్చుంది. టోంగా వాళ్ళలో అక్క ముందు తమ్ముడు చొక్కా విప్పడు. ఒంట్లో బాధ గురించి మాట ఎత్తడు. మీసాలు మొలిచినప్పటి నుంచి పాయేయా ఆమె ఉన్న గదిలో కాళ్ళు చాపి కూర్చోలేదు. అయినా తమ్ముడికి ఆపరేషన్ అంటే ఇంటికి పెద్దది రాకపోతే ఎలా? టోంగా రాజధాని నుకుఅలోఫాలో విమానమెక్కి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆ కుర్చీ వదల్లేదు.

ముందురోజు పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా పంపి, ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న ముక్క తీసేశారు. ఛాతీ నరాలు మొద్దుబారే మందు ఎక్కేలా వీపులో సన్నటి గొట్టం అమర్చారు. నొప్పి లేకపోతే రోగి గట్టిగా దగ్గుతాడు. దగ్గితే కఫం పోతుంది.

పాయేయా దగ్గడం లేదు.

"సున్నా నుంచి పది దాకా చెప్పండి. నొప్పి ఎంత?" అని నర్సు అడిగింది.

"సున్నా."

"అయితే దగ్గడానికేం రోగం?" అంది అతని భార్య సేని. "పాస్టరు ప్రసంగం మొదలెడితే చాలు, చర్చి అదిరేలా దగ్గుతావుగా!"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. నుదుటి మీద చెమట.

మత్తు డాక్టరు హారియెట్ వచ్చి ఆక్సిజన్ అంకె చూసింది. "ఊపిరితిత్తి ముడుచుకుపోతోంది. సాయంత్రానికీ ఇలాగే ఉంటే గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాల్సి వస్తుంది. ఒకసారి దగ్గండి."

గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది.

డాక్టరు మంచుముక్క తెచ్చి అతని పక్కటెముకల మీద ఆనించింది. "చల్లగా ఉందా?"

"మంచుముక్క చల్లగా కాక వెచ్చగా ఉంటుందా డాక్టరమ్మా?"

"మందు అందుతుంటే ఇది చల్లగా అనిపించకూడదు. గొట్టం జారిపోయినట్టుంది. నొప్పి తెలియాలే మరి! లేదంటారేంటి?"

కిటికీ అద్దంలో సేని కనిపించింది. ఆమె డాక్టరునూ చూడడం లేదు, భర్తనూ చూడడం లేదు. లోసేలినే చూస్తోంది.

లోసేలికి అర్థమైంది. లేచి, వెనక్కి తిరగకుండా గోడ వెంబడి నడిచి బయటికెళ్ళి తలుపు లాగింది.

తలుపు పడిన వెంటనే లోపల మూలుగు వినిపించింది. తమ్ముడి గొంతులో ఆ చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు.

"తొమ్మిది," అన్నాడు పాయేయా. "రాత్రంతా తొమ్మిదే."

"చెప్పి చావొచ్చుగా!" అని సేని ఏడ్చింది.

మర్యాద ప్రకారం లోసేలి ఇంకా దూరం వెళ్ళాలి. తలుపు పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. లోపల చక్రాల బండి కదిలింది. అతన్ని ముందుకు వంచి కూర్చోబెట్టారు. "ఇప్పుడు సూది. కదలకండి," అంది డాక్టరు.

కాసేపటికి డాక్టరు మళ్ళీ అడిగింది. "ఇప్పుడు ఈ మంచుముక్క?"

"ఏ మంచుముక్క?"

"సరే. దగ్గండి."

దగ్గాడు. కారిడార్లో నడుస్తున్న మనిషి ఆగి చూశాడు. మళ్ళీ దగ్గాడు, ఉమ్మాడు, ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరి ఎంతసేపు లోపలికి వెళ్ళిందంటే, వింటున్న లోసేలి తన ఊపిరి బిగబట్టింది.

డాక్టరు స్కానింగ్ మిషన్ బండిని బయటికి తోసుకొచ్చి, సూది వేసినప్పటి వీడియో పెట్టి, తెరను ఆమె వైపు తిప్పింది. లోసేలి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇందులో మీ తమ్ముడి ఒళ్ళేం కనపడదు వదినా," అంది వెనకే వచ్చిన సేని. "అంతా బూడిదరంగే. చూడండి."

చూసింది. పైన కండ, కింద ఎముక. రెండింటి మధ్య నల్లటి గీత ఒకటి పొడవునా పాకుతోంది.

"అదే మందు," అంది డాక్టరు. "ఒక్కచోటే పోశాను. కండను పైకి లేపుకుంటూ తనే దారి చేసుకుని వెళ్ళింది. అది పాకిన మేర నరాలు నిద్రపోతాయి. మిగతా మనిషి మేలుకునే ఉంటాడు."

లోసేలి వేలు ఎత్తింది కానీ తెరను తాకలేదు. "ఇంత కొంచెం నీళ్ళకే అంత దగ్గా?"

"ఇంత కొంచెం నీళ్ళకే."

లోపలి నుంచి పాయేయా పిలిచాడు. "సేనీ, అక్కని లోపలికి రమ్మను. ఎంతసేపు నిలబడుతుంది?"

లోసేలి తలుపు పక్క నేల మీద చాప మీద కూర్చున్నట్టు కాళ్ళు మడిచి కూర్చుంది.

"నేనిక్కడే ఉంటానని చెప్పు," అంది. "వాణ్ణి ఇంకోసారి దగ్గమను. వింటాను."