రంగధామ్ చేతులు, ఎస్తేరు కాలు

నేను ఒక పెడల్ని. కీబోర్డు కింద, చెప్పుల పక్కన, దుమ్ములో నా కాపురం. ఏదో ఫ్యాక్టరీలో ఇనుమూ రబ్బరూ స్ప్రింగూ కలిపి నన్ను పుట్టించారు. నన్ను తొక్కి పట్టుకుంటే, వేళ్లు తీసేసినా స్వరం మోగుతూనే ఉంటుంది. వదిలితే ఠక్కున ఆగిపోతుంది. నాకు తెలిసిన విద్య అంతే.

తెనాలిలో ఒక చర్చివాళ్లు నన్ను కీబోర్డుతో పాటు కొన్నారు. అక్కడ వాయించే ఎస్తేరు, పాస్టరుగారి ప్రసంగం సాగినంతసేపూ బొటనవేలితో నన్ను గోకుతూ కూర్చునేది. చర్చికి కొత్త కీబోర్డు వచ్చాక మమ్మల్ని ఆమెకే ఇచ్చేశారు. మమ్మల్ని భుజాన వేసుకుని హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్‌లో గది తీసుకుని, సినిమా రికార్డింగులకు వాయించసాగింది.

కొన్నాళ్లకు సంగీత దర్శకుడు రంగధామ్ దగ్గర కుదిరింది. ఆయనకు తెల్లసూటు వేయడం వచ్చు, జుట్టు ఎగరేయడం వచ్చు, ఇంటర్వ్యూలివ్వడం వచ్చు. వాయించడం ఒక్కటే రాదు. "అమ్మాయీ, ఇక్కడ కొంచెం వాన పడాలి" అని కళ్లు మూసుకునేవాడు. ఎస్తేరు వాన కురిపించేది. ఆయన కళ్లు తెరిచి, "ఆఁ, నా మనసులో ఉన్నది ఇదే" అనేవాడు. ఎంత విశాలమైన మనసో! ఆమె ఏది వాయించినా అందులో ముందే ఉండేది.

ఒక పాట పూర్తిగా తనే కట్టి, "మాస్టారూ, దీనికి నా పేరు వెయ్యండి" అని అడిగింది ఎస్తేరు.

"పేరుదేముందమ్మా, కళ ముఖ్యం" అన్నాడాయన. పోస్టరు మీద తన పేరు చిన్నదైందని అప్పుడే ఎవరినో ఫోన్లో తిట్టి పెట్టేశాడు.

ఆ పాటతోనే ఆయనకు సన్మానం జరిగింది. వేదిక మీద తళతళలాడే కీబోర్డు. దానికి కరెంటు తీగ కూడా లేదు. తెర వెనక ఎస్తేరూ, మేమూ. "నేను చేతులు కదుపుతుంటా, నువ్వు కానిచ్చెయ్" అని చెప్పి వెళ్లాడు.

పాట మంచి పట్టులో ఉండగా మంత్రిగారు వచ్చారు. రంగధామ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాడు. తెర సందులోంచి అది చూసి ఎస్తేరు చప్పున వేళ్లు లేపింది. కాలు కూడా తీసి ఉంటే ఆయన పరువు దక్కేది. తీయలేదు. ఇంకా గట్టిగా నొక్కింది.

దండం పెడుతున్న మనిషి ముందు సంగీతం హాయిగా మోగుతోంది. ముందు వరసలో ఒక ముసలావిడ, "ఇదేం విడ్డూరమర్రా, దయ్యం వాయిస్తోందా?" అంది. హాలంతా గొల్లుమంది. ఎవడో ఉత్సాహవంతుడు తెర పక్కకు లాగేశాడు; ఎస్తేరూ, మేమూ అందరి కళ్లా పడ్డాం.

తర్వాత చాలాకాలం ఎస్తేరును ఎవరూ పిలవలేదు. "ఆ అమ్మాయా? బాబోయ్, పరువు తీసేస్తది" అనేవారట. గది గోడలకు పరుపులు ఆనించి, మైకు పెట్టుకుని, సబ్బుల ప్రకటనలకూ అయ్యప్ప భజనలకూ తనే బాణీ కట్టి, తనే రికార్డు చేసింది. ఎస్తేరుగారు స్వామి పాటలు భలే చేస్తారని పేరొచ్చింది. దేవుళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదు. భజనల పుణ్యాన ఒక చిన్న సినిమా, ఆపైన సొంత స్టూడియో. తెర మీద ఆమె పేరు పడిందట. నేను చూడలేదు. నా ఎత్తుకు కుర్చీకాళ్లే కనిపిస్తాయి; మిగతాదంతా విన్నదే.

ఒక మధ్యాహ్నం పాలిష్ లేని బూట్లు లోపలికొచ్చాయి. రంగధామ్! ఎస్తేరు పాదం నా మీంచి లేచింది.

"తిట్టడానికొచ్చారా మాస్టారూ?"

"లేదమ్మా. ఇప్పుడు సినిమాలేం లేవు. ఇంట్లో కూర్చుంటే మనవరాలు వాయించు తాతా అంటోంది." ఆయన గొంతు తగ్గించాడు. "నేర్పుతావా?"

ఆమె కుర్చీ జరిపింది. "బూట్లు విప్పి కూర్చోండి."

మొదట్లో నన్ను స్కూటరు బ్రేకనుకున్నాడు మహానుభావుడు. నా స్ప్రింగు ఉసురు తగిలి తీరాలి ఆయనకు. అయినా మానలేదు. వానలు వెనకబట్టేసరికి, ఒక చిన్న పల్లవి మొదలునుంచి చివరిదాకా తప్పుల్లేకుండా వాయించాడు.

"అమ్మాయీ, విన్నావా? నేనే వాయించాను!" అన్నాడు, తనకే నమ్మకం కుదరనట్టు.

"విన్నాను మాస్టారూ" అంది ఎస్తేరు. "మళ్లీ వాయించండి."