బుడగలు రాని పీపా

బీరు చెయ్యడానికి వాడే మాల్టు పాకం డబ్బాను వేడినీళ్ల తొట్టిలో పది నిమిషాలు నాననివ్వాలి. అప్పుడుగానీ అది ధారగా జారదు. గ్లెనిస్‌కు అంత ఓపిక ఎక్కడిది! ఐదు నిమిషాలకే బయటికి తీసి, రేకు కోసి, పీపా మీద బోర్లించింది. బెల్లం పాకంకన్నా నల్లగా, చిక్కగా ఉన్న ఆ పదార్థం డబ్బాను వదలనని మొండికేసింది.

“చూశావా మెర్వ్, ఇదీ నీలాగే కదలనంటోంది,” అంది.

మెర్విన్ జవాబు చెప్పలేదు. డిసెంబరులో పక్షవాతం వచ్చినప్పటినుంచి, అంటే నాలుగు నెలలుగా, ఆమె మొగుడు ఎవరికీ దేనికీ జవాబు చెప్పలేదు. చక్రాల కుర్చీలో, షెడ్డు గుమ్మం పక్కన, తల ఎడమకు వాల్చి కూర్చుని ఉన్నాడు. పోర్ట్ పిరీ ఊళ్లోని సీసం కొలిమిలో ముప్పై రెండేళ్లు పనిచేసి, ఆ మోతలో కూడా వినపడేంత గట్టిగా అరిచేవాడని పేరు తెచ్చుకున్న మనిషి. ఇప్పుడు కళ్లు మాత్రం తెరిచి ఉంటాయి. వాటి వెనక ఎవరైనా ఉన్నారో లేదో చెప్పలేనని పెద్ద డాక్టరు చేతులెత్తేశాడు.

పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో ఒక మంచం ఖాళీ అయింది. కావాలో వద్దో శుక్రవారంలోగా చెప్పాలి. అతన్ని ఎత్తి పడుకోబెట్టడానికి గ్లెనిస్ నడుము ఇక సహకరించేలా లేదు. మనిషి లోపల లేడంటే పంపెయ్యొచ్చు. ఉన్నాడంటే, నలభై ఏళ్లు కలిసి బతికినవాణ్ణి ఎలా పంపేది? ఈ ఒక్క సంగతి తేలక ఆమెకు తిండి సయించడం లేదు.

మాట తెప్పించడానికి వారానికోసారి వచ్చే అమ్మాయి, “ఆయనకిష్టమైన పనులు ఆయన కళ్లముందే చెయ్యండి,” అంది. మెర్విన్‌కు ఇష్టమైనవి రెండే రెండు, పడవలో చేపలు పట్టడం, షెడ్డులో బీరు పులియబెట్టడం. గ్లెనిస్‌కు సముద్రం అంటే హడలు. అందుకే ఈ పీపా ముందు నిలబడింది.

అతనికి పలచనివేవీ మింగుడు పడవు, పొలమారతాయి. మంచినీళ్లు కూడా పొడి కలిపి చిక్కబరిచి పట్టాలి. పాకం ఎలాగూ చిక్కనిదే కదా అని చెంచాకు అంటిన కాస్తా అతని పెదాలకు రాసింది. నాలుక మెల్లగా బయటికొచ్చి, తుడుచుకుని లోపలికి పోయింది. అది మెర్విన్ చేసిన పనో, ఉత్త నాలుక చేసిన పనో ఆమెకు తేలలేదు.

కిలో పంచదార వేసి కలిపింది. గీత దాకా చన్నీళ్లు పోసింది. డబ్బాతో వచ్చిన ఈస్టు పొట్లం చింపి పైన చల్లింది. మూత బిగించి, దాని నెత్తిన ఉన్న వంకర గొట్టంలో గుక్కెడు నీళ్లు పోసింది. లోపల ఈస్టు పని మొదలుపెడితే ఆ నీళ్లలోంచి బుడగలు రావాలి. వారం దాకా మూత ముట్టుకోకూడదు, గాలి సోకితే బీరు చెడుతుందన్నది మెర్విన్ శాసనం. ఆ షెడ్డులో దాన్ని ధిక్కరించినవాళ్లు లేరు.

అది మంగళవారం. బుధవారం బుడగల్లేవు. గురువారం మధ్యాహ్నానికీ లేవు. నీళ్లు అద్దంలా నిలిచిపోయి ఉన్నాయి. గ్లెనిస్ పక్కింటి డార్సీని పిలిచింది. అతనూ కొలిమిలో పనిచేసినవాడే, అతని షెడ్డులోనూ రెండు పీపాలున్నాయి. వచ్చి, గొట్టానికి చెవి ఆనించి, వేలితో తట్టాడు.

“చచ్చిపోయింది గ్లెన్. వేడి మీద చల్లేసుంటావ్ ఈస్టుని.”

“నేనేం చల్లలేదు! చన్నీళ్లు పోశాకే వేశా.”

“మరి బుడగలేవీ? రెండ్రోజులైంది. నా మాట విను, పారబోసెయ్. దీనికోసం కూర్చుంటే వాసనొస్తుంది తప్ప ఏం లాభంలేదు.”

“మూత తీసి ఓసారి చూద్దామా?”

“వారం కాకుండానా? మెర్వ్ వింటే చంపేస్తాడు!” అనేసి డార్సీ నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “హోమ్‌కి ఏం చెప్పావ్?” అన్నాడు.

“రేపు సరేనంటాను. మా అమ్మాయి కూడా ఫోన్లో అదే అంది. అక్కడ కూర్చున్నది ఒళ్లే డార్సీ, మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు.” మెర్విన్ కుర్చీ మూడడుగుల దూరంలోనే ఉంది.

పారబోయడానికి ఇద్దరూ చెరో పక్క పీపాను పట్టుకున్నారు.

“మూ…”

కుక్క మూలిగిందనుకుంది గ్లెనిస్. తర్వాత, తమ వీధిలో కుక్కే లేదని గుర్తొచ్చింది.

“మూ… త.”

మెర్విన్ మెడ నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. కళ్లు పీపా మీదే ఉన్నాయి. కుర్చీలో కూర్చున్నవాడి చూపుకు మూత అంచు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. గ్లెనిస్ ఒంగి అతని చూపు వెంటే చూసింది. మూత లోపలి రబ్బరు చుట్టు ఒకచోట మడతపడి, వేలెడు బయటికి పొడుచుకొచ్చి ఉంది. గాలి అంతా అక్కణ్ణుంచే పోతుంటే గొట్టంలో బుడగలెలా వస్తాయి?

ఆమె మూత తీసింది.

లోపల ఒక లోకమే కదులుతోంది. గోధుమరంగు నురగ బెత్తెడు మందాన లేచి, ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బుతోంది. చెవి దగ్గర పెడితే సన్నగా, ఎడతెగకుండా చిటచిట. అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె వాసన ముఖానికి కొట్టింది. రెండు రోజులుగా, చచ్చిందని తాము తీర్పులిస్తుంటే, చీకట్లో ఈస్టు తన పని తాను చేసుకుంటూనే ఉంది. గ్లెనిస్ చేతులు రెండూ కలిశాయి. చర్చిలో కూడా ఎన్నడూ ఇలా వాటంతటవే కలవలేదు.

డార్సీ టోపీ తీసేశాడు. “ఓరి దేవుడా,” అన్నాడు. అన్నది పీపాను చూసి కాదు.

గ్లెనిస్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడింది.

“మెర్వ్, ఇన్నాళ్లూ… మేం అనుకున్నవన్నీ విన్నావా?”

చాలాసేపు పట్టింది. పెదాలు వంకరపోయాయి, సర్దుకున్నాయి.

“అ… న్నీ.”

ఆమెకు సిగ్గుతో తల వాలిపోయింది. డాక్టర్ని అడిగింది, కూతుర్ని అడిగింది, గోడవతల డార్సీని అడిగింది. ఎదురుగా ఉన్నవాణ్ణి మాత్రం ఒక్కసారీ అడగలేదు. అతని చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

“రేపు వాళ్లకేం చెప్పమంటావ్? నువ్వే చెప్పు. ఎంతసేపైనా ఆగుతా.”

డార్సీ చప్పుడు కాకుండా బయటికి నడిచాడు. జీవితంలో దేనికీ పది నిమిషాలు ఆగని మనిషి ఆ సిమెంటు నేల మీద అలాగే కూర్చుండిపోయింది.

“ఇ… క్కడే,” అన్నాడు మెర్విన్.