సలూను కుర్చీలో మంగోలు రాజు

తిరువళ్ళూరు టెంటు సినిమాలో టికెట్లు చించే ధనకోటి, సొంతూరు పాండూరులో ఆడే నాటకాల్లో ఇరవై ఏళ్ళుగా ఈటె పట్టుకొని నిలబడుతున్నాడు. కృష్ణుడొచ్చినా కంసుడొచ్చినా వాడిది అదే మూల, అదే ఈటె. నోరు తెరిచింది లేదు. అలాంటివాడికి పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఏకంగా రాజు వేషం దక్కింది. అదీ మంగోలు రాజు!

ఆ పుణ్యం నాటకాలు రాసి ఆడించే తణికాచలం వాద్యారుది. పురాణ నాటకమంటే చాలు, ఫలానా వేషం మా తాత వేసిందంటూ ఊరి పెద్దలు తన్నుకుంటారు. ఆ పీడ వదిలించుకోవాలని, ఎవరికీ చుట్టం కాని రాజు కోసం వెతికి వెతికి, తొగాయి ఖానును పట్టుకొచ్చి నాటకం రాశాడు ఆయన. తిరగబడిన ముగ్గురు సామంతులు చివరికి ఖాను కాళ్ళ మీద పడతారు. ముక్కూ మొహం తెలియని ఆ రాజు వేషం ఎవరూ అడగకపోతే ధనకోటికిచ్చాడు. రాజుకు నలభై డైలాగులు.

ధనకోటి తల్లి మునెమ్మ కళ్ళకు పొరలు కమ్మి మూడేళ్ళయింది. మనుషుల్ని గొంతు బట్టే పోల్చుకుంటుంది. "ఈటె పట్టుకోని నిలబడితే నాకేం తెలస్తాదిరా? ఈ తూరి నలభై డైలాగులంట, అన్నీ వింటాను," అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

సామంతులెవరంటారా? ప్రెసిడెంటు వెంకటపతి, బియ్యం మిల్లు వరదరాజులు, ధనకోటి అక్క మొగుడు నటరాజు. ఇంకేముంది, కొంప మునిగింది!

మొదటి రిహార్సలులోనే వెంకటపతి అడ్డం తిరిగాడు. "టికెట్లు చించేవోని కాళ్ళమీద నేను పడాల్నా? ఎలక్షన్ వస్తా ఉండాది వాద్యారే!" ఆ సీను పోయింది. నన్ను ద్రోహీ అనకూడదన్నాడు వరదరాజులు. సగం డైలాగులు పోయాయి. "బామ్మర్ది నాకు ఆర్డరేస్తే ఇంట్లో నా మర్యాద ఏం కావాల?" అన్నాడు నటరాజు. మిగతావీ పోయాయి.

"అయ్యా, ఒక్కటన్నా మిగల్చండి. మాయమ్మ వినేదానికి వస్తాది," అని వాద్యారును బతిమాలాడు ధనకోటి.

"ఆఖర్న 'సభ చాలించాము, అందరూ వెళ్ళండి' అనేది ఉండాది. జనాన్ని ఇంటికి పంపే మాట ఆ ముగ్గురికీ వద్దు. అది నీదే," అన్నాడు వాద్యారు.

నాటకం సాయంత్రం నాలుగింటికి మొదలైంది. చిత్తిరి నెల ఎండ! మంగోలుల దేశంలో చలి ఎక్కువని ధనకోటికి రెండు కంబళ్ళు చుట్టారు. సింహాసనం సలూను నుంచి తెచ్చిన తిరిగే కుర్చీ. ముందు వరుసలో చాప మీద మునెమ్మ చెవులు రిక్కించుకొని కూర్చుంది.

వెంకటపతి కుర్చీని తనవైపు తిప్పుకొని, "ఖానూ, విను!" అంటూ ఊళ్ళో తాను వేయించిన బోరింగుల సంగతి ఎత్తుకున్నాడు. వరదరాజులు విసురుగా తనవైపు తిప్పుకున్నాడు. నటరాజు ఊరుకుంటాడా? అరగంట పాటు రాజు బొంగరమైపోయాడు. జనం ఆవలిస్తున్నారు గానీ, పెద్దమనుషుల ముందు ఎలా లేచిపోతారు పాపం!

అప్పుడు వినబడింది మునెమ్మ గొంతు. "మావాడు యాడుండాడు? ఇంకా రాలేదా?"

"ఆ తిరిగేది వాడే అత్తా," అంది పక్కనున్న తులసమ్మ.

ధనకోటికి ఒళ్ళు మండిపోయింది. ఛీ, ఇదీ ఒక రాజరికమేనా! కాళ్ళు నేలకు తన్నిపెట్టి కుర్చీని ఆపాడు. లేచి, ఇరవై ఏళ్ళు దాచుకున్న గొంతంతా పెట్టి అరిచాడు.

"సభ చాలించాము! అందరూ వెళ్ళండి!"

జనం బతుకుజీవుడా అని లేచారు. రాజాజ్ఞ కదా, ఇక తప్పెవరిది? "ఉండండయ్యా, నేను చెప్పేది ఇంకా కాలేదు!" అని వెంకటపతి మొత్తుకున్నా ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు. చాపలు చుట్టుకొని చక్కా పోయారు.

మునెమ్మ మాత్రం కదల్లేదు. ముఖం వెలిగిపోతోంది. "నా కొడుకు గొంతే! వాడు చెప్తే అందరూ పోయినారే! నాయనా, మిగిలిన ముప్పై తొమ్మిదీ చెప్పు. నేను యాడికీ పోను."

ధనకోటికి ఏడుపు ముంచుకొచ్చింది. కంబళి కొసతో ముఖం తుడుచుకొని మొదటి డైలాగు ఎత్తుకున్నాడు. ద్రోహీ అన్నప్పుడు వరదరాజులు అటూ ఇటూ చూసి, చూసేవాళ్ళెవరూ లేరని, "చిత్తం ప్రభూ," అన్నాడు. నటరాజు కూడా తలవంచాడు. చివరికి కాళ్ళ మీద పడే సీను వచ్చింది.

"పడినారా?" అని అడిగింది మునెమ్మ.

"పడినాము పెద్దమ్మా," అన్నాడు వెంకటపతి, నిటారుగా నిలబడే.

"సద్దు రాలేదే!"

వెంకటపతి ఖాళీ మైదానాన్ని ఒకసారి కలయజూశాడు. పంచె పైకి లాక్కొని, ధబ్బుమని మోకాళ్ళ మీద పడ్డాడు.