ఎర్ర కారుకు రాసిన ప్రశస్తి

న్యూజిలాండ్‌లోని వాంగనూయి పట్టణంలో చవక జపాన్ స్పోర్ట్స్ కార్ల ఆరాధకులకు ఒక సంఘం ఉంది. సభ్యులు పదకొండుమంది, కార్లు తొమ్మిది, వాటిలో నడిచేవి ఆరు. ఈ మహాసామ్రాజ్యానికి కార్యదర్శిని నేను. ప్రతి ఆదివారం ఉదయం పెట్రోలు బంకు వెనక కొలువుదీరి, మాంసం కూరిన వేడివేడి 'పై' రొట్టెలు తింటూ, డబ్బున్నవాళ్ళకు కారంటే ఏమిటో తెలియదని ఏకగ్రీవంగా తీర్మానించడం మా ముఖ్య రాజకార్యం.

కారు లేకుండానే సంఘంలో చేరిన ఇద్దరిలో తామతి ఒకడు. వృత్తి స్కూలు బస్సు నడపడం. గేర్లు వాటంతటవే మారే బస్సు కావడంతో, తన ఎడమచేతిది విధవరాలి బతుకైపోయిందని వాపోయేవాడు. రెండేళ్ళుగా శనివారాలు కట్టెలు కొట్టి అమ్మి, ఆ డబ్బు ఒకే ఒక్క కారు కోసం దాస్తున్నాడు. అది మా సంఘంలో పెద్దవాడు, రిటైరైన పోస్ట్‌మన్ నారిస్ షెడ్డులో ఉంది. ఎర్రది, రెండే సీట్లది, దీపాలు రెప్పలెత్తినట్టు పైకి లేచేది. సెకండ్ హ్యాండ్ సరుకుగా జపాన్ నుంచి ఓడలో దిగిన రోజుల్లో దాన్ని కొనమని బతిమాలినా నారిస్ తప్ప కొన్న నాథుడు లేడు.

నారిస్‌కు మోకాలు అరిగింది. ఆ కారులోకి దిగడం ఆయనకు చేతనయ్యేది గానీ పైకి రావడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చేది. అక్టోబరులో, అంటే మాకు వసంతకాలంలో, ఒక ఆదివారం ఆయన తామతిని పిలిచి, ఇంజను వేడి చల్లారకముందే బానెట్ మీద చేయి వేశాడు. మా సంఘంలో కాగితాలు ఉండవు; వేడి బానెట్ మీద చేయి వేసి చెప్పిన మాటే శాసనం.

"ఈ ఎండాకాలం ఒక్కటీ నేను తిప్పుకుంటాన్రా. ఈస్టర్‌కి నీకే. నేను కొన్న ధరకే," అన్నాడు.

తామతి కూడా చేయి వేశాడు. అరచెయ్యి కాలినా తియ్యలేదు.

ఇక నా ఘనకార్యం. మా సంఘ పత్రికకు ఆ నెల పుటలు నిండలేదు. తక్కువ డబ్బుతో కొనదగిన ఐదు జపాన్ స్పోర్ట్స్ కార్ల మీద వ్యాసం రాయమని తామతిని అడిగాను. నాలుగు కార్లకు తలా రెండు వాక్యాలు కేటాయించాడు. ఐదవదానికి రెండు పుటలు ధారపోశాడు. పారాపారా కొండదారి మలుపుల్లో అది మనిషి మనసును ముందే చదువుతుందన్నాడు. పేదవాడికి దేవుడిచ్చిన రథమన్నాడు. లోకం గుడ్డిది కాబట్టి అది ఇంకా చవకగా ఉందన్నాడు. వర్షపు చుక్క సోకనిది ఒకటి మా ఊళ్ళోనే, ఒక పెద్దాయన షెడ్డులో ఉందని కూడా రాశాడు. అప్పటికే తన సొంతమనుకున్న వస్తువును పొగుడుకోవడంలో అతనికి ప్రమాదం కనిపించలేదు. నాకూ కనిపించలేదు. పైగా నేను దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాను.

పదకొండుమంది కోసం రాసిన వ్యాసాన్ని నలభైవేలమంది చదివారు. లోకానికి చూపు వచ్చింది.

ఈస్టర్‌కు వారం ముందు నారిస్ కబురు పెడితే ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, మా కళ్ళలోకి చూడలేదు.

"ఆక్లండ్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పళ్ళ డాక్టరట. ఆరింతలు ఇస్తానన్నాడు."

"బాబాయ్, చేయి వేసి చెప్పావు," అన్నాడు తామతి.

"వేశాన్రా. ఎవడికీ అక్కర్లేని కారు మీద వేశాను. అది వజ్రమని రాసింది నువ్వే కదా? అందాకా నాకేం తెలుసు?"

"నీకు తెలియాలని రాయలేదు."

"ప్రభుత్వాసుపత్రిలో నా వంతు వచ్చేసరికి నన్ను పెట్టెలో పెట్టి తీసుకెళ్ళాలి. ఈ డబ్బుతో వచ్చే నెలే మోకాలు మార్పిస్తారు. చెప్పు, ఏం చెయ్యమంటావు? నువ్వు వద్దంటే ఇప్పుడే ఫోన్ చేసి కాదంటాను."

నాకు తెలిసిన నీచమైన ఔదార్యాలలో ఇది అగ్రగణ్యం. తామతి చాలాసేపు ఆ మోకాలి వంకే చూశాడు.

"అమ్మెయ్ బాబాయ్," అన్నాడు.

శనివారం ఉదయం డాక్టరుగారు ట్రక్కుతో విచ్చేశారు. మర్యాదస్థుడు, ఆ మర్యాదే భరించరానిది. కారు చుట్టూ బూట్ల చప్పుడు కాకుండా తిరిగి, జేబులోంచి వ్యాసం ప్రతి తీశారు.

"తామతి అంటే మీరేనా? మీరు లేకపోతే ఇది నా కంటపడేదే కాదండీ! ఒక సంతకం చేస్తారా? కారుతోపాటు ఉంచితే రేపు విలువ పెరుగుతుంది."

తామతి ఆ బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. ఇంజను చల్లగా ఉంది.

"పారాపారా మీదుగా నడుపుకుంటూ వెళ్తారా?" అని నేనడిగాను.

"అయ్యో, నడపడమా? కిలోమీటర్లు పెరిగితే ధర పడిపోదూ? పైగా నాకు గేర్ల బండి రాదు." డాక్టరుగారు సిగ్గుపడుతూ నవ్వి తామతి వైపు తిరిగారు. "మీరే కాస్త ట్రక్కు ఎక్కించిపెడతారా?"

తామతి కారులోకి దిగి, సీటు ముందుకు జరుపుకున్నాడు. దీపాలు లేచాయి. షెడ్డు నుంచి ట్రక్కు వరకు నలభై అడుగులు. మొదటి గేరు వేసి కదిలాడు. అతని ఎడమచెయ్యి గేరు మీదనుంచి కదలలేదు.

"రెండో గేరు అక్కర్లేదండీ, మెల్లగా రండి చాలు," అన్నారు డాక్టరుగారు.

ట్రక్కు వెళ్ళిపోయాక తామతి తన బస్సులోనే నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నాడు. నది పక్కన వెళ్తూ, పాత అలవాటు చొప్పున ముఖం వెలిగించి నా వైపు తిరిగాడు.

"ఇంకోటి ఉందిరా. దాన్నెవడూ పట్టించుకోవడం లేదు. చవక. నిజానికి దీనికంటే అదే..."

"ఏదిరా అది?" అన్నాను, ఆత్రంగా.

అతను నన్నొకసారి ఎగాదిగా చూశాడు. తర్వాత రోడ్డు వైపు తిరిగాడు.

"ఏదీ లేదు," అన్నాడు.